రోగనిరోధక శక్తిని అణచే మందులు – కిడ్నీలకు జరిగే హాని

మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా, తన కణజాలంపై తానే దాడి చేసుకోకుండా ఆపే మందులు ఇమ్యునోసప్రెసెంట్లు. వీటిలో కిడ్నీకి ఎక్కువ చేటు చేసేవి సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్. 1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాల్న్ బృందం కిడ్నీ మార్పిడి రోగులకు సైక్లోస్పోరిన్ ఇచ్చినప్పుడే ఈ గుణం బయటపడింది. కొత్త కిడ్నీని నిలబెట్టే మందే దాన్ని దెబ్బతీయడం వైద్యులకు ఇప్పటికీ తీరని చిక్కు.

ఈ రెండు మందులూ కిడ్నీలోని వడపోత గుచ్ఛాలకు నెత్తురు తెచ్చే సన్నని ధమనులను ముడుచుకునేలా చేస్తాయి. వడపోత మందగించి నెత్తురులో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతుంది. ఈ దశలో వైద్యులు మోతాదు తగ్గిస్తే కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ మాత్రం ధమనుల గోడలు మందమై, కణజాలం చారలు చారలుగా గట్టిపడుతుంది; ఆ నష్టం పూడదు. బీపీ, పొటాషియం, యూరిక్ ఆమ్లం పెరగవచ్చు, మెగ్నీషియం తగ్గవచ్చు. రోగికి నొప్పి ఉండదు, అదే అసలు ప్రమాదం. గుండె, కాలేయం వంటి ఇతర అవయవాలు పొందిన 69,321 మందిని పరిశీలించిన 2003 నాటి అమెరికా అధ్యయనంలో 16.5 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం వచ్చింది. దానికి ఈ మందులు ఒక ముఖ్య కారణం.

మైకోఫినొలేట్, అజాథయోప్రిన్ కిడ్నీకి అంతగా హాని చేయవు. మెథోట్రెక్సేట్ ఎక్కువగా మూత్రం ద్వారా బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ బలహీనమైనవారికి అది ప్రమాదకరం. ఈ మందులను అవయవ మార్పిడి లేని జబ్బులకూ వాడతారు; కంటి లోపలి వాపు అయిన యువైటిస్‌కు మదురై అరవింద్ కంటి ఆసుపత్రి ముఖ్యపాత్ర వహించిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 216 మందికి మెథోట్రెక్సేట్ గానీ మైకోఫినొలేట్ గానీ ఇచ్చి పోల్చారు. 2019లో వెలువడిన ఫలితాల్లో వాపును అదుపు చేయడంలో మైకోఫినొలేట్ మెరుగని తేలలేదు.

తోడు మందులతోనూ జాగ్రత్త అవసరం. క్షయకు వాడే రిఫాంపిసిన్ నెత్తురులో టాక్రోలిమస్ స్థాయిని పడగొడుతుంది. శిలీంధ్రాలకు వాడే ఫ్లూకొనజోల్, యాంటీబయాటిక్ అయిన క్లారిత్రోమైసిన్ దాన్ని పెంచేస్తాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీకి నెత్తురు ఇంకా తగ్గిస్తాయి.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో చదువుకున్న కుటుంబాలు తమిళనాడులో ఎన్నో. మందుల చీటీలోని జాగ్రత్తలను చదవగలిగినవారు ఇంటి పెద్దలకు తెలుగులో విడమరచి చెప్పాలి. సొంతంగా మందు మానేయకండి. కొత్త మాత్ర ఏదైనా సరే, వేసుకునే ముందు కిడ్నీ డాక్టరును అడగండి. క్రియాటినిన్, మందు స్థాయి పరీక్షలు ఆయన చెప్పిన గడువుకు తప్పక చేయించుకోండి.