నిమ్మపులుపు నుండి బోదకాలు మందు వరకు

ఉప్పు అనగానే మనకు వంటింటి ఉప్పుజాడీ స్ఫురించును. రసాయనశాస్త్రమునందు ఈ మాటకు అర్థము విశాలమైనది. ఆమ్లము క్షారముతో కూడగా ఏర్పడు పదార్థమునకు లవణమని పేరు. నిమ్మకు పులుపునిచ్చు సిట్రిక్ ఆమ్లము వలన కలుగు లవణములను సిట్రేటులందురు. వానిలో ఒకదాని కథ కొల్లేటి సీమకు మిక్కిలి దగ్గరిది.

సిట్రిక్ ఆమ్లము మనుష్యుని చేతికి చిక్కినదే లవణము ద్వారా. 1784లో స్వీడను రసాయనవేత్త కార్ల్ షీలే నిమ్మరసములో సుద్ద కలిపెను. నీటిలో కరుగని కాల్షియం సిట్రేటు అడుగున పేరుకొనెను. దానిని గంధకామ్లముతో విడదీసి, శుద్ధమైన ఆమ్లమును స్ఫటికములుగా రాబట్టెను.

సిట్రేటునకు లోహములను పట్టి యుంచు గుణము కలదు. మూత్రములో చక్కెరను పరీక్షించు బెనిడిక్టు ద్రావణమున రాగి అడుగునకు దిగకుండ నిలుపునది సోడియం సిట్రేటే. నెత్తురు గడ్డకట్టుటకు కాల్షియము కావలెను. సిట్రేటు దానిని బంధించును. ఈ సూత్రముతోనే 1914లో బెల్జియమున హస్టిన్, అర్జెంటీనాలో అగోటే రోగులకు పరుల రక్తమెక్కించిరి. 1915లో న్యూయార్కున లూయిసన్ 0.2 శాతము సిట్రేటు చాలునని, అది అపాయము కాదని చూపెను. దాతను రోగి ప్రక్కనే పరుండబెట్టవలసిన అగత్యము అంతటితో తీరెను.

ఇక మన సీమకు వత్తము. పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోట కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ, కొల్లేటి లంకలలో నున్నది. ఈ డెల్టా భూములలో బోదకాలు తెలియని ఊరివారు అరుదు. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ దీనిని మోసికొనిపోవును. వ్యాధికారకమైన పురుగు శోషరస నాళములలో కాపురముండి, దాని సూక్ష్మమైన పిల్లలు రాత్రివేళ నెత్తురులో సంచరించును.

కొల్లేటికి తూర్పుననున్న భీమవరములో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాలోని బోస్టను చేరిరి. హార్వర్డులో పరిశోధన సాగించి, 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లిరి. ఆయన నాయకత్వమున అచటి బృందము 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందును వెలువరించెను. దాని వ్యాపారనామము హెట్రజాన్. క్షారరూపమున ఈ మందు 50 డిగ్రీల లోపుననే కరగిపోవును. సిట్రిక్ ఆమ్లముతో లవణముగా మార్చగా, 130 డిగ్రీల వేడిమికిని చెదరని తెల్లని పొడియై, నీటిలో సులభముగా కరగును. 100 మిల్లీగ్రాముల సిట్రేటులో అసలు మందు 51 మిల్లీగ్రాములు, తక్కినది నిమ్మపులుపే.

సుబ్బారావుగారు 1948లో కాలధర్మము చెందిరి. భారతదేశమున జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము 1955లో మొదలయ్యెను. వ్యాధి గల జిల్లాలలో ఏడాదికొకసారి అందరికిని ఈ బిళ్ళలు పంచు పథకము 2004లో దేశవ్యాప్తమయ్యెను. చైనావారు ఈ సిట్రేటును వంటయుప్పులోనే కలిపి ప్రజలకు తినిపించిరి. 2007లో ఆ దేశము వ్యాధిని నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించెను.

ఈ మందు నెత్తురులోని పురుగుపిల్లలను చంపగలదు గాని, ఒకసారి ఏనుగుకాలైన కాలిని మునుపటివలె చేయజాలదు. “నాకు జబ్బు లేదుగదా” యని బిళ్ళను పారవేయువాడు ఈ సంగతి మరచుచున్నాడు. మ్రింగిన తరువాత కొందరికి వచ్చు జ్వరము, తలనొప్పి సాధారణముగా పురుగులు చచ్చుటవలన కలుగునవే. గర్భిణులు, రెండేండ్లలోపు శిశువులు, తీవ్రరోగులు తప్ప తక్కినవారు కాలు వాచకమునుపే దీనిని సేవింపవలెను. భీమవరమున పుట్టినవాని కృషి ఫలము మన గడపకే వచ్చుచుండగా, దానిని త్రోసిపుచ్చుట తగదు.