ఒకే ఒక్క గెలుపు

2022 మార్చి 20 రాత్రి గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోలు ముందుంది. గ్యాలరీల్లో ఎటు చూసినా కేరళ అభిమానులే. ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా హైదరాబాద్ ఎఫ్‌సీ కుర్రాడు సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు బయటి నుంచి బంతిని గాల్లో ఉండగానే తన్నాడు. గోల్! ఆ తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. తెలుగువాళ్ల ఊరి పేరు మోసిన జట్టు దేశానికి ఛాంపియన్ అయింది.

కానీ ఆ జట్టు సొంత మైదానమైన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆ సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు. కోవిడ్ వల్ల వరుసగా రెండు సీజన్లు లీగ్ మొత్తం గోవాలోనే నడిచింది. మన జట్టు గెలుస్తున్నప్పుడు మనం దగ్గర లేము. ఆ లోటు తర్వాత ఎప్పటికీ తీరలేదని నాకు అనిపిస్తుంది. ఇక మా తిరుపతి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో సాయంత్రం ఏ మూల చూసినా క్రికెట్టే. చిత్తూరు నుంచి బయల్దేరే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారికి హైదరాబాద్ కాచిగూడలో దిగుతాం. ఫుట్‌బాల్ కోసం అంత దూరం ఎవరు వెళ్తారు?

నిజానికి హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ ఊరిదే. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసిన మనిషి. అంతటి వారసత్వం ఉన్న నగరానికి ఇన్నేళ్లకు మళ్లీ ఒక జట్టు దొరికింది.

కప్పు గెలిచిన మరుసటి ఏడాది కూడా బాగానే ఆడారు. లీగ్‌లో రెండో స్థానం, సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద ఓటమి. కోచ్ మనోలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. అక్కడి నుంచి అంతా జారుడే.

2023 సెప్టెంబరులో కొత్త సీజన్ మొదలైంది. ఆటగాళ్లకు జీతాలు అందడం లేదన్న వార్తలు ఒకటొకటిగా బయటికొచ్చాయి. పాత బకాయిలు తీర్చనందుకు, కొత్తవాళ్లను తీసుకోవడానికి వీల్లేదని ఫిఫా నిషేధం పెట్టింది. జంషెడ్‌పూర్ వెళ్లినప్పుడు హోటల్ బిల్లు కట్టలేదన్న ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్లింది. ఐర్లండ్ కోచ్ కోనర్ నెస్టర్ వెళ్లిపోయాడు. జనవరిలో విదేశీ ఆటగాళ్లూ, పేరున్న మనవాళ్లూ ఒక్కొక్కరే సర్దుకున్నారు. విదేశీయుల్లో బ్రెజిల్ వాడు జోవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకూ ఇల్లూ పిల్లలూ ఉంటారు, ఫుట్‌బాలర్ సంపాదించే ఏళ్లు చాలా తక్కువ.

మిగిలినవాళ్లలో చాలామంది డిగ్రీ కాలేజీ వయసు పిల్లలు. బెంచీ మీద కూర్చోవాల్సిన కుర్రాళ్లు మొదటి పదకొండులో దిగారు. వాళ్లను నడిపించే బాధ్యత థాంగ్‌బోయ్ సింగ్టో మీద పడింది. ఎదుట నలుగురైదుగురు విదేశీయులతో నిండిన జట్లు. వారం వారం ఓటమి. అయినా ఒక్క మ్యాచ్ కూడా వదులుకోలేదు. ఓడతామని తెలిసి కూడా బూట్లు కట్టుకుని దిగడానికి ఎంత గుండె కావాలో, ఊళ్లో పోటీల్లోనైనా ఆడినవాళ్లకు తెలుసు.

మార్చి దాకా ఒక్క గెలుపు లేదు. 2024 మార్చి 4న చెన్నైలో చెన్నయిన్ ఎఫ్‌సీతో మ్యాచ్. తిరుపతి నుంచి మూడు గంటల దారి. ఫోన్‌లోనే చూశాను. మనవాళ్లు ఒక గోలు కొట్టారు. ఇక అప్పటి నుంచి కాపు కాయడమే పని. బంతి ఎక్కడ పడితే అక్కడ ఒక పిల్లాడు అడ్డం పడుతున్నాడు. ఎదుటివాళ్లు ఎంత ఒత్తిడి పెట్టినా గోల్ ఇవ్వలేదు. ఒకటి, సున్నా. చివరి విజిల్ వినగానే వాళ్లు చేసిన సంబరం చూస్తే కప్పు గెలిచారేమో అనుకోవాలి. ఫతోర్దాలో గెలిచిన కప్పు కన్నా నాకు ఈ గెలుపే ఎక్కువ. అక్కడ డబ్బుంది, కోచ్ ఉన్నాడు, ఆ సీజన్‌లో పద్దెనిమిది గోల్స్ కొట్టిన ఒగ్బెచే ఉన్నాడు. ఇక్కడ ఈ పిల్లలు తప్ప ఏమీ లేదు.

సీజన్ ముగిసేసరికి ఇరవై రెండు మ్యాచ్‌లు, ఒక గెలుపు, ఐదు డ్రాలు, పదహారు ఓటములు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. కప్పెత్తిన రెండేళ్లకే.

తర్వాత యాజమాన్యం మారింది. దక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకుని జట్టు వెంట నిలబడ్డ కొద్దిమంది అభిమానులు ఇక మంచిరోజులొస్తాయని ఆశపడ్డారు. రాలేదు. 2025 అక్టోబరులో జట్టును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఇప్పుడు తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు. మా ఊరి పిల్లాడెవరైనా ఫుట్‌బాల్ ఆడతానంటే, పెద్ద జట్టు చూపించడానికి చెన్నైకో బెంగళూరుకో తీసుకెళ్లాలి.