దిగక మరలిన విమానము

బారువ, కళింగపట్నము రేవులలో ఒకనాడు పొగయోడలు ఒడ్డునకు దూరముగా లంగరు దింపి నిలిచెడివి. సరుకులు పడవలమీద ఒడ్డు చేరుచుండెను. కెరటము విరుగుచోటికి రాగానే తండేలు తెడ్లు నిలిపించి అలల వరుసను కనిపెట్టును. అదను కుదిరిన ముందుకు, కుదరకున్న వెనుకకు. ఒడ్డుననుండి ఎవరెంత చేయి ఊపినను నిర్ణయము తండేలుదే. ఉద్దానపు మత్స్యకారులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. పలాస, టెక్కలి, హరిశ్చంద్రపురము శ్రోతలకు గుర్తుచేయుచున్నాను. విమానము నేలకు దిగువేళ కూడ ఇట్టి క్షణమొకటి కలదు. దాని చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

మొదట పైలటునకు కన్నులే ఆధారము. మబ్బులో నేల కానక కూలిన విమానములు పెక్కు. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు చెంత మిచెల్ ఫీల్డులో జేమ్స్ డూలిటిల్ తాను కూర్చున్న చోటికి ముసుగు కప్పించుకొని, రేడియో తరంగములను, ఎదుటి పరికరములను మాత్రమే నమ్మి ఎగిరి, మరల దిగెను. ఆపదకు తోడుగా మరియొక పైలటు ముందు కూర్చుండెను గాని, అతడు చేయి వేయవలసిన అవసరము కలుగలేదు. 1938 జనవరి 26న మంచుతుపానులో ప్రయాణికుల విమానమొకటి పిట్స్‌బర్గున రేడియో తరంగముల సాయముననే దిగెను. ఇట్లు పెరిగినదే ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టమ్. రన్‌వే చెంతనుండి ఒక తరంగము నడిమి గీతను, వేరొకటి సుమారు 3 డిగ్రీల వాలును చూపును. మా మాటలను మీ యిండ్లకు చేర్చు రేడియో కెరటములే అచట కంటికి కనబడని మెట్లు కట్టుచున్నవి.

సాధారణ పద్ధతిలో ఆ మెట్లను 200 అడుగుల ఎత్తు వరకే నమ్మవలెను. అచట రన్‌వే గాని దాని దీపములు గాని కనబడనిచో ఇంజనులకు బలమిచ్చి తిరిగి లేవవలసినదే. అంతకుముందే నియంత్రణాధికారి “దిగవచ్చును” అని యుండవచ్చును. రన్‌వే నీకొరకు ఖాళీగా నున్నదని దాని అర్థము. దిగి తీరుమని కాదు. 2010 మే 22న మంగుళూరులో మబ్బు లేదు, వాన లేదు, అనుమతి యున్నది. విమానము మాత్రము ఉండవలసిన దానికంటె చాల ఎత్తున వచ్చెను. మరలుదమని సహపైలటు ఒకటికి మూడుసార్లు చెప్పినను కెప్టెను వినలేదు. 158 మంది మరణించిరి, ఎనమండుగురు మిగిలిరి. కెప్టెను నిద్రనుండి లేచిన మత్తు ఒక కారణమని విచారణలో తేలెను.

మరలినవారి కథ మన నేలమీదనే జరిగినది. 1993 నవంబరు 15న మద్రాసునుండి హైదరాబాదునకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ-300లో 262 మంది కలరు. చిరంజీవి, విజయశాంతి మొదలగు చలనచిత్ర ప్రముఖులు వారిలో నుండుటచే ఆ ముచ్చట తెలుగు ఇండ్లలో నేటికిని వినబడును. హైదరాబాదున చూపు ఆనలేదు. పైలటు దిగక లేచెను. ఆ నిర్ణయమున వంక పెట్టుటకు లేదు. కాని రెక్కల వెనుక అంచున క్రిందికి చాచిన ఫ్లాపులు తిరిగి ముడుచుకొనలేదు. దిగునపుడు నెమ్మదిగా ఎగురుటకు తోడ్పడు ఈ ఫ్లాపులే దూరప్రయాణమున గాలికి అడ్డుపడును. విప్పిన గొడుగుతో ఎదురుగాలిలో నడచువాని పాటు అది. మద్రాసు సుమారు 500 కిలోమీటర్లు. విమానము అటే మరలెను.

గమ్యమునకు, అచట వీలుగాకున్న వేరొక తావునకు, ఆపైన అరగంటకు చాలు ఇంధనము వెంటనుండవలెనని నియమము. కాని అది ఫ్లాపులు ముడిచిన రెక్కలకు కట్టిన లెక్క. మరలిన మరుక్షణముననే ఎచటికి, ఎంతసేపు అను రెండవ నిర్ణయము ఎదుట నిలుచును. నా దృష్టిలో మొదటిదానికంటె ఇదియే కఠినము.

తిరుపతి చేరువకు వచ్చుసరికి ఇంధనము అడుగంటెను. వరిపొలములో దించిరి. రన్‌వే లేదు, దారిచూపు దీపములు లేవు, దిగవచ్చునని చెప్పువారును లేరు. 262 మందియు బ్రతికి బయటపడిరి. విమానము మాత్రము మరల ఎగురలేదు.