ఫ్యూజ్ కాలలేదు, కారు ఆగిపోయింది: వోల్వో 240 కథ

ఈ రోజు ఒక పాత కారు గురించి, అందులో వేలెడంత కూడా లేని ఒక వస్తువు గురించి మాట్లాడుకుందాం. కారు వోల్వో 240. వస్తువు ఫ్యూజ్.

ముందు ఒక సీన్ ఊహించుకోండి. స్వీడన్‌లో హైవే. బండి బాగానే పోతోంది. చిన్న ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ రెండు సార్లు కుదిపింది, ఆగిపోయింది. వెనక లారీలు వస్తున్నాయి. ఓనర్ బండి పక్కకు తీసి ఫ్యూజులు చూశాడు. ఒక్కటీ కాలలేదు. పావుగంట ఆగి తాళం తిప్పితే స్టార్ట్ అయింది. పది కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే కథ. పంపు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు. డబ్బులు పోయాయి గానీ రోగం పోలేదు. ఇలాంటి అనుభవం పాత 240 ఉన్నవాళ్ళలో చాలామందికి తెలిసిందే. దీనికి కారణం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన అంబాసిడర్‌నే తీసుకోండి. అందులో పెట్రోల్ పంపును ఇంజినే తిప్పేది. దానికి కరెంటుతో పని లేదు. పెట్రోల్ కార్బురేటర్‌లోకి వెళ్ళేది, గాలితో కలిసేది, అంతే. ఒక ఫ్యూజ్ పోతే హారన్ మోగదు, లైటు వెలగదు. బండి మాత్రం ఇంటికి చేరేది. అంటే ఆ రోజుల్లో ఫ్యూజ్ సౌకర్యాలకు కాపలా అన్నమాట. ఇంజిన్ ప్రాణం దాని చేతిలో లేదు.

దీన్ని మార్చింది ఫ్యూయల్ ఇంజెక్షన్. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1957లోనే ఎలక్ట్రోజెక్టర్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ప్రకటించింది. 1958లో క్రైస్లర్ కంపెనీ కొద్ది కార్లకు దాన్ని పెట్టింది. అప్పటి ఎలక్ట్రానిక్ భాగాలు కారులోని వేడికీ కుదుపులకూ తట్టుకోలేదు. ఆ కార్లలో ఎక్కువ వాటికి మళ్ళీ కార్బురేటర్లే బిగించాల్సి వచ్చింది. తర్వాత ఆ పేటెంట్ల మీద హక్కులు తీసుకున్న జర్మనీ బాష్ కంపెనీ, ట్రాన్సిస్టర్లతో 1967లో డి-జెట్రానిక్ తెచ్చింది. అది మొదట వచ్చింది ఫోక్స్‌వాగన్ 1600లో. అమెరికాలో 1968 మోడల్ కార్ల నుంచి పొగ మీద పరిమితులు వచ్చాయి, అందుకే ఆ తొందర. వోల్వో కూడా త్వరలోనే తన 1800ఇ కారులో అదే పెట్టింది.

1974లో వోల్వో 240 వచ్చింది. 1993 దాకా తయారైంది. దాని అన్నదమ్ముడు 260తో కలిపి 28 లక్షలకు పైగా కార్లు. వీటిలో చాలా వాటికి బాష్ ఇంజెక్షనే: మొదట కె-జెట్రానిక్, తర్వాత ఎల్‌హెచ్-జెట్రానిక్. కె-జెట్రానిక్‌కు దాదాపు 5 బార్ ప్రెషర్ కావాలి. అందుకే ట్యాంకులో ఒక చిన్న పంపు, కారు కింద ఒక మెయిన్ పంపు. రెండూ కరెంటు మీదే నడుస్తాయి. ఇంజిన్ ప్రాణం ఇప్పుడు వైరు చివరకు వచ్చి కూర్చుంది.

మరి ఆ వైరును కాపాడే ఫ్యూజ్ సంగతి? అది మాత్రం పాతదే. పింగాణీ కడ్డీ, దాని మీద సన్నటి లోహపు రేకు, రెండు చివర్లూ కోసుగా ఉంటాయి. రెండు స్ప్రింగు రేకుల మధ్య ఇరికిస్తారు. చూడటానికి బుల్లెట్‌లా ఉంటుంది. అమెరికాలో లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ 1976లోనే ఇప్పుడు మన బండ్లలో చూసే బ్లేడు ఫ్యూజ్ తెచ్చింది. అయినా 240లో చివరిదాకా ఈ పింగాణీ ఫ్యూజే ఉండిపోయింది.

పైగా ఫ్యూజ్ బాక్స్ ఎక్కడ పెట్టారో చూడండి. డ్రైవర్ ఎడమ పాదం పక్కన, తలుపు దగ్గర. మంచు తొక్కిన బూట్లు, తడి కార్పెట్, అద్దం అంచుల నుంచి కారే నీళ్ళు, అన్నిటి తేమా అక్కడికే. ఏళ్ళు గడిచేకొద్దీ కోసు చివర, స్ప్రింగు రేకు కలిసేచోట సన్నటి పొర పడుతుంది. ఫ్యూజ్ కాలదు. కంటికి నిక్షేపంలా కనిపిస్తుంది. కానీ కరెంటు సరిగా వెళ్ళదు.

చిన్న లెక్క వేద్దాం. పంపు 7 ఆంపియర్లు తీసుకుంటోంది అనుకోండి. ఆ పొర అడ్డం అర ఓమ్ అనుకోండి. 7 × 0.5, అంటే 3.5 వోల్టులు అక్కడే పోయాయి. 12 వోల్టులు బయలుదేరితే పంపుకు చేరింది 8.5. పంపు నీరసిస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, ఎత్తు మీద ఇంజిన్ ఆగిపోతుంది. ఇంకో సంగతి, ఆ కాస్త చోట పుట్టే వేడి 24.5 వాట్లు. అంటే మొబైల్ రిపేర్ షాపులో చూసే చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, మీ పాదం పక్కన! ఆ వేడికి స్ప్రింగు రేకు పట్టు వదులుతుంది. పట్టు వదిలితే వేడి ఇంకా పెరుగుతుంది. చల్లారాక కాస్త అతుక్కుని బండి స్టార్ట్ అవుతుంది. మన హైవే ఓనర్ కథ ఇదే.

సరే, ఇలాంటి బండి మీ చేతికి వస్తే ఏం చేయాలి?

ఒకటి. ఏదీ పీకకముందు ఫోన్‌తో ఫ్యూజ్ బాక్స్ ఫొటో తీసుకోండి.

రెండు. పంపు ఫ్యూజ్‌ను వేలితో అక్కడే నాలుగైదు సార్లు తిప్పండి. పొర గీసుకుపోయి బండి స్టార్ట్ అయితే రోగం దొరికినట్టే. కానీ ఇది ఇల్లు చేరడానికే. తర్వాత బ్యాటరీ వైరు తీసేసి, రేకులను సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పట్టు బిగించి, కొత్త ఫ్యూజ్ వేయాలి. రాగి రేకు ఉన్నవి దొరికితే మంచిది.

మూడు. కంటిని నమ్మొద్దు, మీటర్‌ను నమ్మండి. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, దాని రెండు మొనలను ఫ్యూజ్‌కు ఇటూ అటూ ఉన్న రేకులకు ఆనించండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు దాటిందా, దొంగ అక్కడే ఉన్నాడు.

నాలుగు. ఎల్‌హెచ్-జెట్రానిక్ ఉన్న 240లో ఇంజిన్ గదిలో, బ్యాటరీ వైపు విడిగా ఒక 25 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజ్ ఉంటుంది. ఇంజెక్షన్‌కు కరెంటు దాని గుండానే వెళ్తుంది. పెట్టెలో లేదు కాబట్టి చాలామంది మర్చిపోతారు. దాని హోల్డర్‌కు చిలుము పట్టిందేమో చూడండి.

ఐదు. ఫ్యూజ్ నిజంగానే కాలిపోతుంటే అది వేరే జబ్బు. వేయగానే కాలితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. ఈ కార్లలో 1980ల నాటి కొన్ని మోడళ్ళకు ఇంజిన్ వైర్ల తొడుగు పొడిపొడిగా రాలిపోవడం అందరికీ తెలిసిన సంగతే. కాసేపు నడిచాక కాలితే పంపు బరువెక్కి ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. మన ఇళ్ళలో పింగాణీ కటౌట్ ఉండే రోజుల్లో, ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని లావు తీగ కట్టేసేవాళ్ళు గుర్తుందా? పెట్రోల్ పక్కన ఆ పని చేస్తే ఫ్యూజ్ మిగులుతుంది, వైరు కాలుతుంది. రంగును నమ్మి కూడా మోసపోవద్దు. పాత పింగాణీ ఫ్యూజ్‌లో పసుపు అంటే 5 ఆంపియర్లు. బ్లేడు ఫ్యూజ్‌లో పసుపు అంటే 20! ఎరుపు అక్కడ 16, ఇక్కడ 10. నీలం అక్కడ 25, ఇక్కడ 15. రంగు కాదు, అంకె చదవండి.

ఇంజిన్ కొత్త కాలంలోకి వచ్చేసింది, దానికి కరెంటు అందించే అతుకు మాత్రం పాత కాలంలోనే ఉండిపోయింది. అందుకే పాత ఇంజెక్షన్ కారు ఆగిపోతే, వేల రూపాయల పంపు కొనే ముందు ఆ అతుకు దగ్గర మీటర్ పెట్టి చూడండి. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ళ దగ్గరో ఇలాంటి పాత బండి ఉంటే ఈ సంగతి వాళ్ళకీ చెప్పండి.