శనివారం రెండు గంటలు

1985లో చదువుకోసం పశ్చిమ జర్మనీ వెళ్ళిన కొత్తలో, ఒక శనివారం మధ్యాహ్నం మూడింటికి మేము సంచి పట్టుకుని బజారుకు బయలుదేరాము. అన్ని కొట్లూ మూసి ఉన్నాయి! రాత్రి పదింటికీ కిరాణా దొరికే హైదరాబాదు అలవాటు మాది. సోమవారం దాకా రొట్టె, జామ్‌తోనే గడిపాము.

తర్వాత తెలిసింది. 1956 నాటి చట్టం ప్రకారం ఆ రోజుల్లో మామూలుగా సాయంత్రం ఆరున్నరకు, శనివారం రెండింటికి కొట్టు కట్టేయాలి. ఆదివారం సెలవే. రైల్వే స్టేషను కొట్లకు మినహాయింపు ఉందని మాకెవరూ చెప్పలేదు! కోపం వచ్చిన మాట నిజం. కాని కౌంటరు దగ్గర రోజంతా నిలబడే అమ్మాయికీ ఇంటికెళ్ళే వేళంటూ ఉండాలి కదా. ఆదివారపు విశ్రాంతి 1919 వైమార్ రాజ్యాంగంలోనే ఉంది. 1949 రాజ్యాంగమూ దాన్ని నిలుపుకొంది. 1989లో గురువారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరవనిస్తే కార్మిక సంఘాలు ఎదురు తిరిగాయి. 2006లో వేళలు నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు వెళ్ళింది. ఆదివారం మాత్రం ఈనాటికీ చాలా కొట్లు తెరవరు.