పాత భయానక చిత్రములు – సామాన్య ప్రేక్షకుని తీర్పు

పాత భయానక చిత్రములను చూచి నవ్వుట నేడు పరిపాటి అయినది. ఇంటిలో నలుగురు కూర్చుండి 1920లలోనో 1930లలోనో తీసిన పిశాచకథ నొకదానిని పెట్టుకొందురు. పది నిమిషములు గడవకముందే ఒకరి మొగమొకరు చూచుకొని నవ్వుదురు. దీనికా ఆనాటివారు భయపడినది అని తీర్మానింతురు. మేము చలనచిత్రకళను శాస్త్రముగా అభ్యసించిన వారము కాము. టిక్కెట్టు కొని కూర్చుండి, నచ్చినచో మెచ్చుకొని, నచ్చనిచో ఆవులించి ఇంటికి వచ్చు ప్రేక్షకుల కోవలోని వారమే. అయినను ఆ నవ్వు విషయమున మాకొక సందేహము కలదు. మనము చూచి నవ్వుచున్నది ఆనాటివారు చూచి భయపడిన చిత్రమేనా? చాల సందర్భములలో కాదనియే చెప్పవలసి యున్నది.

ఇందుకు మొదటి సాక్షి 'నోస్ఫెరాతు'. జర్మనీలో ముర్నౌ దర్శకత్వమున తయారైన ఈ మూకీ చిత్రము 1922 మార్చి 4వ తేదీన బెర్లిన్ జంతుప్రదర్శనశాలకు చెందిన చలువరాతి మందిరములో మొదటిసారి ప్రదర్శింపబడినది. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన 'డ్రాకులా' నవలయే దీనికి మూలము. నిర్మాతలు అనుమతి కోరలేదు. పేర్లు మార్చి కథను వాడుకొన్నారు. రచయిత భార్య ఫ్లారెన్స్ స్టోకర్ న్యాయస్థానమున దావా వేసినది. నిర్మాణసంస్థ అప్పటికే దివాలా తీసినది గనుక ఆమెకు సొమ్ము దక్కలేదు. 1925లో మాత్రము చిత్రపు ప్రతులన్నిటిని నాశనము చేయవలెనని తీర్పు వచ్చినది. అయితే కొన్ని ప్రతులు అంతకుముందే పొరుగుదేశములకు చేరినవి. అట్లు తప్పించుకొన్న ప్రతులనుండి, తెగినవాటిని అతికి, లేనివాటిని వెదకి, నేడు మనము చూచు చిత్రమును కూర్చినారు.

ఆ కాలపు ఫిల్ముకు రాత్రి చీకటిని పట్టగల శక్తి లేదు. అందుచేత రాత్రి దృశ్యములను పట్టపగలు తీసి, ప్రతిని నీలిరంగులో ముంచెడివారు. తెర నీలముగా మారినచో రాత్రి అనియు, పసుపుగా మారినచో దీపపు వెలుగనియు ప్రేక్షకుడు గ్రహించెడివాడు. తరువాత అనేక సంవత్సరములు లోకమున తిరిగినవి చాలవరకు రంగు లేని నకళ్లు. వానిలో రక్తపిశాచి తన శవపేటికను చంకన పెట్టుకొని, ఎండ కాయుచున్న వీధిలో సంతకు పోవువానివలె నడచిపోవును. నవ్వు రాక ఏమగును? పైగా సూర్యకిరణము సోకి పిశాచి నశించుట ఈ చిత్రము కల్పించిన ముగింపే. నవలలోని డ్రాకులా పగటివేళ కూడ తిరుగగలడు. ఎండ తగిలినచో నశించువాడు ఎండలో షికారు చేయుట చూచిన ప్రేక్షకుడు, ఈ కథ వ్రాసినవానికి మతి లేదనుకొనుటలో తప్పేమున్నది? తప్పు కథది కాదు, రంగు పోయిన ప్రతిది.

వేగము సంగతియు ఇట్టిదే. మూకీలను చేతితో త్రిప్పు కెమెరాతో సెకనుకు సుమారు 16 మొదలు 20 వరకు చిత్రములు పడునట్లు తీసెడివారు. టాకీలు వచ్చిన పిమ్మట యంత్రములు 24కు స్థిరపడినవి. పాత చిత్రమును క్రొత్త యంత్రముపై ఎక్కించినచో మనుష్యులందరు చీమలవలె పరుగులెత్తుదురు. 'నోస్ఫెరాతు'లో ముర్నౌ కావలెననియే వేగము పెంచిన దృశ్యమొకటి ఉన్నది: అడవిదారిలో పిశాచి గుర్రపుబండి అసహజమైన వేగముతో వచ్చును. మిగిలిన మనుష్యులు మామూలుగా నడచినప్పుడే ఆ బండి భయము గొలుపును. అందరు పరుగెత్తు ప్రతిలో అదియు ఒక పరుగే. ఇక ధ్వని మాట. మూకీ యనగా నిశ్శబ్దము కాదు. బెర్లిన్ ప్రదర్శనకు హన్స్ ఎర్డ్‌మన్ ప్రత్యేకముగా సంగీతము కూర్చినాడు. మన దేశమున కూడ మూకీల కాలములో తెర ప్రక్క హార్మోనియము, తబల మ్రోగెడివి. కథ చెప్పు వ్యాఖ్యాత నిలుచుండెడివాడు. అవి యేవియు లేక మిగిలిన బొమ్మను మనము చూచి, చిత్రమును చూచితిమని చెప్పుకొనుచున్నాము.

ఇంత చెప్పినంతమాత్రమున పాతదంతయు బంగారమని మా వాదము కాదు. 1920లో రాబర్ట్ వీనే తీసిన 'డాక్టర్ కాలిగారి' చిత్రమున నీడలు దీపముల వలన పడినవి కావు. గోడలపైన, నేలపైన కుంచెతో వేసినవి. పండితులు దానిని మిక్కిలి పొగడుదురు. మాకు మాత్రము అది గౌరవమును కలిగించినంతగా భయమును కలిగించలేదు. 1931 నాటి 'డ్రాకులా' విషయమున మా అభిప్రాయము సగము సగము. బేలా లుగోషి పాడుపడిన కోటలో మెట్లు దిగివచ్చు మొదటి భాగము నేటికిని గుండె పట్టుకొనును. దానికి ఛాయాగ్రాహకుడు జర్మనీనుండి అమెరికా చేరిన కార్ల్ ఫ్రాయిండ్. కథ లండను చేరిన తరువాత అందరు హాలులో నిలుచుండి మాటలాడుకొందురు. కిటికీకడ త్రాటికి కట్టిన గబ్బిలము ఊగును. అక్కడ నవ్వినవారిని మేము తప్పుపట్టజాలము. ఆ చిత్రమునకే పగలు ఆంగ్ల ప్రతి, రాత్రివేళ అవే సెట్లలో వేరు నటులతో స్పానిష్ ప్రతి తీసినారు. తెలుగు, తమిళములలో ఒకే కథను జంటగా తీయుట ఎరిగిన మన మద్రాసు స్టూడియోల వారికి ఇది వింత కాదు. స్పానిష్ ప్రతియే మెరుగని కొందరి తీర్పు. కెమెరా చలనమున మెరుగే గాని, లుగోషి లేని లోటు దానిని వదలదని మేము భావించెదము.

అదే సంవత్సరము వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్' మాట వేరు. జేమ్స్ వేల్ దర్శకుడు. కృత్రిమ మానవుని పాత్రధారి బోరిస్ కార్లఫ్ పేరును ఆరంభమున వేయక, ఆ చోట ఒక ప్రశ్నార్థకము మాత్రము ఉంచినారు. ఇందులో సరస్సు ఒడ్డున ఒక చిన్నపిల్ల ఆ వికృతాకారునితో ఆడుకొనును. ఇద్దరు పూలను నీటిలోనికి విసరుదురు, పూలు తేలును. తన చేతిలోని పూలు అయిపోగా, పిల్లయు పూవువలె తేలునని తలచి వాడామెను నీటిలోనికి విసరును. ఆమె మునిగిపోగా దిక్కుతోచక పారిపోవును. దీనిలో దుర్మార్గము లేదు, అజ్ఞానమున్నది. అది చూచినవారికి పిల్లపైనను, వానిపైనను ఏకకాలమున జాలి కలుగును.

పిల్లను నీట వేయుట మరీ దారుణమని ఆ కొద్ది క్షణములను కత్తిరించినారు. ఫలితమేమి? వాడు ఆమెవైపు చేతులు చాచును, దృశ్యము తెగిపోవును, తరువాత తండ్రి ఆమె శవమును చేతులపై మోసికొని ఊరి నడివీధిలో నడచివచ్చును. నడుమ ఏమి జరిగినదో ప్రేక్షకుడే ఊహించుకొనవలెను. ఊహించుకొన్నది తీసినదానికంటె ఘోరమైనది. అర్ధశతాబ్దము పాటు ప్రేక్షకులు ఒక అమాయకుని కిరాతకునిగా ఎంచి ఇండ్లకు వెళ్లినారు. 1980లలో గాని ఆ ముక్క మరల చేరలేదు. కత్తెర పట్టినవారు భయమును తగ్గింపబోయి పెంచినారు, జాలిని మాత్రము తీసివేసినారు. ఈ చిత్రమును తొలగింపులతో ఒకమారు, పూర్తిగా ఒకమారు చూచినవారికి రెండు వేరు కథలు చూచినట్లుండును.

చూపని దానికి గల ఈ శక్తిని కావలెననియే వినియోగించినవాడు వాల్ లూటన్. ఆర్.కె.ఓ. స్టూడియో ఆయనకు స్వల్పమైన పెట్టుబడినిచ్చి, 'క్యాట్ పీపుల్' అను పేరును కూడ తామే నిర్ణయించి, చిత్రము తీయుమన్నది. 1942లో జాక్ టూర్నర్ దర్శకత్వమున అది విడుదలైనది. కోపము వచ్చినచో చిరుతగా మారుదునని భయపడు స్త్రీ కథ అది. ఒక యువతి రాత్రివేళ నిర్మానుష్యమైన బాటపై నడచును. వెనుక మరియొక జత అడుగుల చప్పుడు. ఉన్నట్టుండి ఆ రెండవ చప్పుడు ఆగిపోవును. ఆమె వడిగా నడచును. ఒక్కసారిగా చెవి దద్దరిల్లునట్లు బుసకొట్టిన ధ్వని. చూడగా అది వచ్చి ఆగిన బస్సు! మరియొకచోట ఆమె ఈతకొలనులో ఉండగా గోడలపై నీటి వెలుగు కదలాడును, గుర్రుమను ధ్వని ప్రతిధ్వనించును. మృగము మాత్రము కనిపించదు. స్టూడియో అధికారులు పట్టుబట్టుటచే ఒకచోట చిరుతను స్పష్టముగా చూపవలసి వచ్చినది. చిత్రమంతటిలో మేము భయపడనిది అక్కడనే. రేడియో నాటకములో తలుపు కిర్రుమనగానే ఒడలు జలదరించిన శ్రోతలకు ఈ విద్య క్రొత్తది కాదు. రేడియోకు కన్ను లేదు. కన్ను లేనందుననే మన మనస్సు మేల్కొనును.

జర్మనీ నీడలు అమెరికాకే కాక మన దేశమునకును వచ్చినవి. మ్యూనిక్ నగరమునకు చెందిన యోసెఫ్ విర్షింగ్, 1925లో విడుదలైన 'ప్రేమ సన్యాస్' చిత్రీకరణకు భారతదేశము వచ్చి, పిమ్మట బాంబే టాకీస్‌లో ఛాయాగ్రాహకుడైనాడు. యుద్ధకాలమున జర్మను పౌరుడని నిర్బంధమునకు గురియైనను, ఈ దేశమును విడువక, 1967లో బొంబాయిలోనే కన్నుమూసినాడు. 1949 నాటి 'మహల్' ఆయన తీసినదే. కమాల్ అమ్రోహి దర్శకుడు. అశోక్ కుమార్, మధుబాల నటులు. ఊగు ఉయ్యెల, కదలు దీపము, స్తంభముల వెనుక జారిపోవు తెల్లని రూపము – ఇంతే. కథాంతమున దయ్యము దయ్యము కాదని తేలును; ఆ ముగింపు మాకు అంతగా రుచింపలేదు.

'మహల్'లో భయమును మోసినది కెమెరా ఒక్కటియే కాదు, ఒక పాట. ఖేమ్‌చంద్ ప్రకాష్ కూర్చిన 'ఆయేగా ఆనేవాలా' ఎక్కడనో దూరమున మొదలై క్రమముగా దగ్గరకు వచ్చును. ఆ దూరమును సాధించుటకు లతా మంగేష్కర్ గదిమూలనుండి పాడుచు మైక్రోఫోను కడకు నడచివచ్చినదని చెప్పుదురు. గ్రామఫోను పలకపై గాయని పేరునకు మారు కథలోని 'కామిని' పేరే అచ్చైనది. రేడియోలో ఆ పాట విన్నవారు, పాడినదెవరని ఉత్తరములు వ్రాసినారని ప్రసిద్ధి. కనబడని గొంతు ఎవరిదని అడుగుటయే ఆ చిత్రకథలోని నాయకుని పని కూడ!

మన తెలుగు చిత్రములలో భయానకము ఒంటరిగా వచ్చుట అరుదు. 1951 నాటి 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు భయపెట్టుచునే నవ్వించును. అక్కడ అద్భుతరసమునకే పెద్దపీట. భరతుడు భయానకమునకు భయమును, బీభత్సమునకు జుగుప్సను స్థాయీభావములుగా వేరుపరచినాడు. మాకు తోచినంతవరకు చలనచిత్రమున ఈ రెండింటి సరిహద్దు 1960 నాటి 'సైకో'. అందులో స్నానాగారమున హత్య ఒక నిమిషమైనను సాగదు. రక్తమునకు బదులు వాడినది చాకొలేటు పానకము. చిత్రము నలుపు తెలుపు గనుక చెల్లినది. ఆ దృశ్యమునకు సంగీతము వలదని హిచ్‌కాక్ మొదట తలచినాడు. బెర్నార్డ్ హెర్మన్ వాయులీనములతో కీచుమను ధ్వనిని కూర్చి వినిపించిన మీదట ఒప్పుకొన్నాడు. ఆట మొదలైన తరువాత ఎవరిని లోపలికి రానీయవలదని ఆయన పెట్టిన నిబంధన, వేరుశెనగకాయలు కొనుక్కొని తీరికగా వచ్చు మావంటివారికి పాఠము. చివర వైద్యుడు చేయు సుదీర్ఘ వ్యాఖ్యానము మాత్రము నేటికిని మాకు విసుగు. దీని తరువాత వచ్చినవారిలో పలువురు నీడను విడిచి రక్తమును పట్టుకొన్నారు. వానిని చూచి మేము కన్నులు మూసికొన్న మాట నిజమే. అది భయముచేత కాదు, ఏవగింపుచేత.

నవ్వుటకైనను భయపడుటకైనను వీలులేని చిత్రములు కొన్ని ఉన్నవి. టాడ్ బ్రౌనింగ్ 1927లో తీసిన 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అట్టిది. లాన్ చానీ కోరలవంటి పలువరుసతో, పెద్ద టోపీతో, విప్పారిన కన్నులతో అందులో నటించినాడు. మిగిలియున్నదని తెలిసిన కడపటి ప్రతి 1965లో మెట్రో-గోల్డ్విన్-మేయర్ స్టూడియో గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదమున కాలిపోయినదని చెప్పుదురు. 2002లో దొరికిన నిశ్చలచిత్రములను వరుసగా పేర్చి, కథావాక్యములను చేర్చి సుమారు 45 నిమిషముల రూపమొకటి తయారు చేసినారు. అందులో చానీ కోరలు కనిపించును. ఆయన ఎట్లు నడచెడివాడో కనిపించదు.