ఉపన్యాసం నుంచి బృందం దాకా: మన కాలేజీల్లో ఉద్యోగ మార్గదర్శనం నడిచిన దారి

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి హోబళిలో ఇళ్ళల్లో వినిపించేది ఎక్కువగా తెలుగే. బడిలో చదివేది కన్నడం. డిగ్రీ చేతికొచ్చాక ఇంటర్వ్యూలో ఎదురయ్యేది ఇంగ్లీషు. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో చాలా కుటుంబాలకు కాలేజీ గడప తొక్కిన మొదటి తరం ఇప్పటి పిల్లలే. చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే టీచరు, పోలీసు, బ్యాంకు అంటూ రెండు మూడు జవాబుల దగ్గరే ఆగిపోతారు. తెలివి లేక కాదు. వాళ్ళ ఊళ్ళో కళ్ళారా చూసిన ఉద్యోగాలు అవే.

ఈ లోటు తీర్చడానికి మన దేశంలో దశాబ్దాలుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. సమాచార కేంద్రాలు తెరిచారు, అభిరుచి పరీక్షలు పెట్టారు, వక్తలను పిలిపించి ఉత్సాహపరిచే ఉపన్యాసాలు ఇప్పించారు. ఈ చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. విద్యార్థి తన లక్ష్యాన్ని తానే ఎంచుకుని, తోటివాళ్ళ మధ్య దానికోసం సాధన చేసిన చోట ఫలితం నిలిచింది. ఉపన్యాసంతో ముగిసిన చోట ఉత్సాహం చప్పట్లతోనే పోయింది.

తొలి పునాదులు

ఈ ప్రాంతానికి చెరోవైపు రెండు విద్యాసంస్థలు రెండేళ్ళ తేడాతో పుట్టాయి. 1915లో తూర్పున మదనపల్లెలో అనిబిసెంట్ చొరవతో థియొసాఫికల్ కాలేజీ వెలిసింది. 1917లో బెంగళూరు బసవనగుడిలో నేషనల్ హైస్కూలు మొదలైంది. దాని వెనుకా ఆమె ప్రోత్సాహమే ఉంది. ప్రభుత్వ గుమాస్తాలను తయారుచేయడమే చదువు పరమార్థమనుకునే రోజుల్లో, దేశానికి పనికివచ్చే మనుషులు కావాలని జాతీయ విద్యోద్యమం కోరింది. చర్చావేదిక, సేవ, స్కౌటింగ్ లాంటివి తరగతి గదితో సమానమని అది నమ్మింది. వాటిని కెరీర్ శిక్షణ అని అప్పుడెవరూ పిలవలేదు. కానీ నలుగురిలో లేచి మాట్లాడడం, నలుగురితో కలిసి ఒక పని పూర్తిచేయడం మన కుర్రాళ్ళు నేర్చుకున్నది అక్కడే.

చదువుకీ జీవనోపాధికీ ముడి ఉండాలని గట్టిగా చెప్పిన మరో మనిషి ఈ జిల్లా బిడ్డే. ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. ఆయన దివానుగా ఉండగానే 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతటితో ఆయన ఆగలేదు. చేతిపని తెలిసిన యువకులు కావాలని పట్టుబట్టి, 1943లో బెంగళూరులో జయచామరాజేంద్ర ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడడానికి కారకులయ్యారు. డిగ్రీతో పాటు నైపుణ్యం అని ఈనాడు మనం కొత్తగా చెప్పుకునే మాట ఆయనకు ఎనభై ఏళ్ళ కిందటే ఆచరణ.

సమాచారం ఇచ్చే కాలం

ఉద్యోగ మార్గదర్శనం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకున్నది అమెరికాలో. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో ఒక వొకేషన్ బ్యూరో తెరిచారు. మరుసటి ఏడు వెలువడిన ఆయన పుస్తకం మూడు మెట్లు చెప్పింది: నీ శక్తులేమిటో తెలుసుకో, ఉద్యోగాల తీరు తెలుసుకో, ఆ రెంటినీ ఆలోచించి జతచేసుకో. మన దేశంలో 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగం, 1941లో బొంబాయిలో బాట్లీబాయ్ బ్యూరో ఈ దారి పట్టాయి.

ప్రభుత్వం ఇందులోకి దిగింది యుద్ధం వల్ల. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు పని చూపించడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పుట్టాయి. దేశ విభజన తర్వాత అవి శరణార్థులకూ ఆసరా అయ్యాయి. 1952లో వేసిన శివరావు కమిటీ సిఫార్సుల మేరకు 1956 నవంబరులో వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. మాధ్యమిక విద్యపై వేసిన మొదలియార్ కమిషన్ హైస్కూళ్ళలో మార్గదర్శనం ఉండాలని చెప్పింది. 1954లో ఢిల్లీలో ఇందుకోసం ఒక కేంద్ర బ్యూరో ఏర్పడింది. 1950ల చివరికి విశ్వవిద్యాలయాల్లోనూ ఉపాధి సమాచార కేంద్రాలు మొదలయ్యాయి. ఖాళీలను ఎక్స్ఛేంజీలకు తెలపాల్సిందేనని 1959లో చట్టం వచ్చింది.

ఈ వ్యవస్థ చేసిన మేలు చిన్నది కాదు. ఎక్స్ఛేంజీ కార్డు కోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కని డిగ్రీ కుర్రాడు ఒకనాడు లేడు. అయితే అది పట్నంలో, కౌంటరు వెనుక ఉండేది. ఏ ఉద్యోగం ఉందో చెప్పేది కానీ, ఆ ఉద్యోగం నాకూ దొరుకుతుందన్న నమ్మకాన్ని పల్లె పిల్లవాడికి కలిగించే పని దాని పరిధిలో లేదు.

ప్రశ్న అడగడం నేర్పిన గురువు

ఆ నమ్మకాన్ని ఈ నేల మీద కలిగించిన వారిలో హెచ్. నరసింహయ్య పేరు ముందు చెప్పుకోవాలి. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పేద కుటుంబంలో పుట్టారు. పై చదువు కోసం ఛార్జీలకు డబ్బుల్లేక బెంగళూరుకు కాలినడకన వెళ్ళారు. నేషనల్ హైస్కూల్లో చదివి, నేషనల్ కాలేజీలో అధ్యాపకులై, అమెరికాలోని ఓహయో స్టేట్ యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసి, తిరిగి అదే కాలేజీ హాస్టలు గదికి వచ్చి జీవితమంతా అక్కడే గడిపారు. 1972లో బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఆయన 1962లో మొదలుపెట్టిన బెంగళూరు సైన్స్ ఫోరం వారం వారం శాస్త్రవేత్తలనూ విద్యార్థులనూ ఒక గదిలో కూర్చోబెట్టింది. ఉపన్యాసం అయ్యాక ప్రశ్నల వంతు. విద్యార్థి లేచి ప్రశ్న అడగడాన్ని ఆయన చదువులో ముఖ్యమైన భాగంగా చూశారు. తన ప్రాంతాన్ని మరచిపోకుండా గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు నెలకొల్పడానికి పూనుకున్నారు. సరిహద్దు తాలూకాల పిల్లలకు డిగ్రీ చదువు ఇంటి దగ్గరికే వచ్చింది. తమలాంటి పల్లె నుంచి నడిచి వెళ్ళిన మనిషి వైస్ ఛాన్సలర్ కాగలిగారన్న సంగతి ఇక్కడి పిల్లలకు ఏ ప్రేరణ ప్రసంగం కన్నా బలమైనది.

సైన్స్ ఫోరం పుట్టిన దశాబ్దంలోనే కాలేజీల్లో బృందకార్యానికి దేశవ్యాప్తంగా ఒక రూపం వచ్చింది. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది వాలంటీర్లతో జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) మొదలైంది. పల్లెలో శిబిరం వేసి పని పంచుకోవడం, వంట లెక్కలు చూడడం, గ్రామపెద్దలతో మాట్లాడడం కొత్త అనుభవం. ఈనాటి కంపెనీలు టీంవర్క్, లీడర్‌షిప్ అని అడిగే గుణాలు ఎందరో విద్యార్థుల్లో ఆ శిబిరాల్లోనే మొలకెత్తాయి.

కాకినాడ ప్రయోగం

ప్రేరణను నేర్పవచ్చా? పుట్టుకతో రావాల్సిందేనా? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా చెప్పుకునే జవాబుల్లో ఒకటి తెలుగు గడ్డ మీద దొరికింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ మనిషిలోని సాధనాకాంక్షను శిక్షణతో పెంచవచ్చని వాదించారు. దాన్ని పరీక్షించడానికి హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియట్‌తో కలిసి 1964లో కాకినాడ వ్యాపారులకు బృందాలుగా శిక్షణ ఇచ్చారు.

పద్ధతి వినడానికి ఆటలా ఉంటుంది. ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు. ఆ కథలో కష్టపడి పైకి రావాలన్న ఆలోచన ఎంతుందో రాసినవాళ్ళే వెతుక్కుంటారు. మేకుకు రింగులు విసిరే ఆటలో, ఎంత దూరం నుంచి విసరాలో ఆడేవాడే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలుపులో రుచి ఉండదు, మరీ దూరమైతే అంతా అదృష్టం మీద ఆధారపడుతుంది. తన శక్తికి కొంచెం మించిన దూరం ఎంచుకుని, తప్పినప్పుడల్లా సరిదిద్దుకునేవాడు ఎదుగుతాడు. ఈ ఎరుక ఆడినవాళ్ళకు తమ ఆట నుంచే కలుగుతుంది. చివరగా ప్రతి ఒక్కరూ రాబోయే కాలానికి తన ప్రణాళిక రాసుకుని తోటివాళ్ళ ముందు పెట్టాలి. వాళ్ళు ప్రశ్నిస్తారు, సలహా ఇస్తారు, తర్వాత ఏమైందని అడుగుతారు.

తర్వాతి ఏళ్ళలో పరిశీలిస్తే, కొత్త వ్యాపారం మొదలుపెట్టడం, పెట్టుబడి పెంచడం లాంటి పనులకు పూనుకున్నవాళ్ళ నిష్పత్తి శిక్షణ పొందనివారికన్నా దాదాపు రెట్టింపు ఉందని తేలింది. సంప్రదాయ నమ్మకాలు ఎదుగుదలకు అడ్డు కాలేదని కూడా ఆ అధ్యయనం చెప్పింది. 1969లో మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ ఈ ఫలితాలను పుస్తకంగా ప్రచురించారు.

ఇది వ్యాపారుల మీద జరిగిన ప్రయోగమైనా దీని ప్రభావం విద్యారంగానికి పాకింది. ప్రయాగ్ మెహతా హైస్కూలు పిల్లల్లో సాధనాకాంక్షపై పరిశోధన చేశారు. ఉదయ్ పారీక్, తెలుగువాడైన టి.వి. రావు బృంద శిక్షణా పద్ధతులను మన దేశపు సంస్థలకు తగినట్టు మలిచారు. కళ్ళకు గంతలు కట్టుకుని, తోటివాళ్ళ సూచనలతో చెక్కదిమ్మలు పేర్చే అభ్యాసం ఈనాటికీ శిక్షణ తరగతుల్లో కనిపిస్తుంది.

పుస్తకాలు, వేదికలు, కేంద్రాలు

1990ల తర్వాత ఆర్థిక సంస్కరణలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పరిస్థితిని మార్చేశాయి. మార్కులు ఒక్కటే చాలవని, మాట తీరు, నడవడిక కూడా చూస్తారని విద్యార్థులకు తెలిసొచ్చింది. తెలుగులో వ్యక్తిత్వ వికాస సాహిత్యం పెరిగింది. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు', బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు, ప్రసంగాలు లక్షలాదిమందికి చేరాయి. అమ్మభాషలో ధైర్యం చెప్పేవాడు దొరకడం పల్లె యువతకు ఎంతో మేలు చేసింది. కానీ పుస్తకం చదివేవాడు ఒంటరి. సభలో వినేవాడూ ఒంటరే. విన్న మాటను మర్నాడు ఎవరితో కలిసి ఆచరించాలన్నది మిగిలిపోయిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 తర్వాత వచ్చిన జవహర్ నాలెడ్జ్ సెంటర్లు కొంతవరకు జవాబిచ్చాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే కంప్యూటర్, ఇంగ్లీషు సాధన, గ్రూప్ డిస్కషన్, మాక్ ఇంటర్వ్యూ జరిపించి, కంపెనీలను అక్కడికే రప్పించే ప్రయత్నం చేశాయి. 11వ ప్రణాళికా కాలంలో యు.జి.సి. దేశమంతటా కాలేజీల్లో కెరీర్, కౌన్సెలింగ్ సెల్‌లకు సాయం అందించింది. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో అలాంటిదే అయిన టాస్క్ ఈ పని అందుకున్నాయి. 2019లో యు.జి.సి. 'జీవన్ కౌశల్' పేరుతో జీవన నైపుణ్యాల పాఠ్యక్రమం ఇచ్చింది.

సరిహద్దులో ఇప్పుడు చేయాల్సింది

2007లో చిక్కబళ్ళాపురం జిల్లా కోలారు నుంచి విడివడింది. 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరుచుకుంది. కోలారు దగ్గర నరసాపురలో ఫోన్లు తయారయ్యే కర్మాగారం వచ్చింది. చింతామణిలోనే పట్టుపరిశ్రమ చదువు చెప్పే కాలేజీ ఉంది, శిడ్లఘట్టలో పేరున్న పట్టుగూళ్ళ మార్కెట్టు ఉంది. అంటే అవకాశాలు దగ్గరలోనే ఉన్నాయి. చదువై ఉద్యోగం దొరకనివాళ్ళకు 2024 జనవరి నుంచి కర్ణాటక ప్రభుత్వం 'యువనిధి' కింద డిగ్రీవారికి నెలకు 3,000, డిప్లొమావారికి 1,500 రూపాయలు ఇస్తోంది. ఆ సాయం అవసరమే. అయితే రెండేళ్ళ గడువులో ఆ డబ్బు ఆదుకుంటుందే తప్ప దారి చూపదు. దారి కాలేజీలో ఉండగానే దొరకాలి.

గడిచిన చరిత్ర మనకు పద్ధతి కూడా చూపింది. మొదటి ఏడాదే ఏడెనిమిది మందిని ఒక జట్టుగా చేయాలి. ఒక లెక్చరర్ ఆ జట్టుకు మూడేళ్ళూ తోడుండాలి. నెలకొకసారి జట్టంతా ఒక పని చోటికి వెళ్ళాలి. పట్టుగూళ్ళ మార్కెట్టు, బ్యాంకు, తాలూకా ఆఫీసు, కర్మాగారం, టమాటా మండీ, ఏదైనా సరే. అక్కడ ఎవరేం చేస్తున్నారో, ఆ పనికి ఏ చదువు కావాలో, జీతమెంతో అడిగి వచ్చి మిగతా జట్లకు చెప్పాలి. ప్రతి విద్యార్థీ ఆరు నెలలకు ఒక లక్ష్యం రాసుకోవాలి. తన శక్తికి కొంచెం మించినదిగా, కాకినాడ రింగుల ఆటలో లాగా. గడువు తీరాక ఏమైందో జట్టు ముందు చెప్పాలి. అందుకోలేకపోతే ఎగతాళి చేయడం కాక, ఎక్కడ తప్పిందో కలిసి వెతకాలి.

భాష సంగతి ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. చర్చ ముందు తెలుగులోనో కన్నడంలోనో జరగనివ్వాలి. ఆలోచన కుదిరాక అదే విషయాన్ని ఇంగ్లీషులో చెప్పించాలి. మొదటిరోజే ఇంగ్లీషులో మాట్లాడమంటే పట్నం పిల్లలు మాట్లాడతారు, కెంచార్లహళ్ళి పిల్ల తల వంచుకుంటుంది. ఆమెకు లేనిది భాష మాత్రమే. ఆలోచన ఆమె దగ్గర నిండుగా ఉంది. కైవార నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వం చెప్పిన నేల ఇది. రెండు భాషల్లో ఆలోచించడం ఇక్కడివాళ్ళకు అబ్బిన బలం. దాన్ని లోపంగా చూపించే శిక్షణ వాళ్ళకు అన్యాయం చేస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో అడుగు వేయాలి. వాళ్ళ నిర్ణయం వాళ్ళొక్కరిదే కాదు, ఇంట్లో అమ్మా నాన్నలదీ. ఏడాదికొకసారి జట్టు సమావేశానికి తల్లిదండ్రులను పిలవాలి. ఇదే కాలేజీలో చదివి ఉద్యోగం చేస్తున్న అక్కల చేత మాట్లాడించాలి. బయటి వక్త చెప్పే పది మాటల కన్నా పక్క ఊరి అక్క చెప్పే ఒక్క మాట ఆ తల్లిని కదిలిస్తుంది.

వీటికి పెద్ద భవనాలు, ఖరీదైన సంస్థలు అక్కర్లేదు. వారంలో రెండు గంటల టైంటేబులు, ఓపికగల అధ్యాపకులు, దస్త్రంలో కాక పనిలో కనిపించే కెరీర్ సెల్ చాలు. ప్రేరణను బయటినుంచి తెచ్చి పోయనక్కర్లేదు. ఈ పిల్లల్లో అది ఉంది. తోటివాళ్ళ మధ్య దాన్ని వాడి చూసుకునే అవకాశం కల్పించడమే కాలేజీ బాధ్యత. ఆ బాధ్యతను రాబోయే విద్యాసంవత్సరం నుంచే చింతామణి, బాగేపల్లి కాలేజీలు చేపట్టాలి.